ఎక్కువ తిరిగిన పెట్రోల్ బండి సిగ్నల్ దగ్గర వణుకుతుంటే, పార్ట్ మార్చే ముందు చూడాల్సినవి

మీరు రాసింది రెండుసార్లు చదివాను. 2012 మోడల్, 1.2 లీటర్ పెట్రోల్ బండి, నాలుగు సిలిండర్లు, 1,74,000 కిలోమీటర్లు తిరిగింది. నాలుగేళ్ల కింద బయట సీఎన్‌జీ కిట్ పెట్టించారు. పొద్దున స్టార్ట్ చేసినప్పుడు బాగానే ఉంటుంది. అరగంట తిరిగి సిగ్నల్ దగ్గర ఆగితే స్టీరింగూ అద్దమూ సీటూ అన్నీ వణుకుతాయి. ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. 1,500 ఆర్‌పీఎం దాటితే ఏమీ తెలియదు. గ్యాస్ మీదా అంతే, పెట్రోల్ మీదా అంతే. స్కానర్‌లో పీ0302 వచ్చింది, అంటే రెండో సిలిండర్ సరిగా మండటం లేదనే మిస్‌ఫైర్ కోడ్. ప్లగ్‌లు నాలుగూ మార్చారు, రెండో సిలిండర్ కాయిల్ మార్చారు, థ్రాటిల్ బాడీ క్లీన్ చేయించారు. ఇప్పుడు ఒకరు ఇంజెక్టర్లు అంటున్నారు, ఒకరు ఫౌండేషన్లు (ఇంజిన్ కూర్చునే రబ్బరు దిమ్మలు) అంటున్నారు, మూడో ఆయన ఇంజిన్ దించాలన్నాడు. బండి అమ్మేయాలా అని అడిగారు.

అమ్మొద్దు. ఇంజిన్ కూడా దించొద్దు. ముఖ్యంగా, కొలిచి చూసేదాకా ఇంకొక్క పార్ట్ కూడా కొనొద్దు. విజయవాడ ఆటోనగర్‌లో 27 ఏళ్లుగా పెట్రోల్ బళ్ల పనే చేస్తున్నాను. ఐడిలింగ్, అంటే యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజిన్ మెల్లగా తిరగడం, సరిగా లేదని వచ్చే బళ్లలో చాలావాటికి అప్పటికే అవసరం లేని పార్టులు మూడో నాలుగో పడి ఉంటాయి. చూస్తే బాధేస్తుంది. ఎందుకంటే ఈ జబ్బు కనిపెట్టడానికి ఖరీదైన పరికరాలేమీ అక్కర్లేదు. ఓపిక, ఒక వరస ఉంటే చాలు.

ముందు ఐడిలింగ్‌లోనే ఎందుకు తెలుస్తుందో చెప్తాను, తర్వాతదంతా దాని మీదే నడుస్తుంది. వేడెక్కిన ఇంజిన్ 750 ఆర్‌పీఎం దగ్గర ఉందనుకోండి. ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి మండుతుంది. అంటే నిమిషానికి 375 సార్లు, సెకనుకు ఆరు సార్లు. నాలుగింటిలో ఒకటి సరిగా మండకపోతే సెకనుకు ఆరు కుదుపులు వస్తాయి. మన ఒంటికి బాగా తెలిసే వణుకు అది. అదే 3,000 దగ్గర సెకనుకు 25 అవుతుంది, ఫ్లైవీల్ మింగేస్తుంది, మనకు తెలియదు. ఇంకోటి, ఐడిలింగ్‌లో థ్రాటిల్, అంటే గాలి లోపలికి పోయే దారిలోని మూత, దాదాపు మూసి ఉంటుంది. ఇంజిన్ లోపలికి పోయే గాలి చాలా తక్కువ. అంత తక్కువ గాలిలో ఎక్కడో చిన్న చీలిక నుంచి దొంగగాలి కలిసినా, ఒక వాల్వ్ దగ్గర కాస్త కారినా లెక్క తప్పిపోతుంది. రేస్ ఇస్తే గాలి బోలెడంత వస్తుంది కాబట్టి అదే లీక్ లెక్కలోకే రాదు. కాబట్టి "రేస్ ఇస్తే బాగానే ఉంది, ఇంజిన్‌కి ఏం కాలేదు" అనే మాట నమ్మకండి. "ఐడిలింగ్ పోయింది, ఇంజిన్ అయిపోయింది" అనే మాట కూడా నమ్మకండి.

ఇప్పుడు మీరిచ్చిన ఆనవాళ్లు చూద్దాం. మీకు తెలియకుండానే చాలా పనికొచ్చే విషయం రాశారు: గ్యాస్ మీదా పెట్రోల్ మీదా ఒకేలా ఉంది అని. మీ బండిలో పెట్రోల్‌కి వేరే ఇంజెక్టర్లు, గ్యాస్‌కి వేరే ఇంజెక్టర్లు. పెట్రోల్ ఇంజెక్టర్ మూసుకుపోయి ఉంటే గ్యాస్‌కి మార్చగానే తేడా తెలియాలి. గ్యాస్ ఇంజెక్టర్ అరిగి ఉంటే పెట్రోల్‌కి మార్చగానే బాగుండాలి. రెండూ ఒకేసారి, అదీ రెండో సిలిండర్‌లోనే పాడవడం జరిగే పని కాదు. పెట్రోల్ ఇంజెక్టర్ మూసుకుపోకుండా, మూతి దగ్గర బొట్లు బొట్లుగా కారుతుంటే మాత్రం రెండిటి మీదా ఇబ్బంది పెడుతుంది. అప్పుడు ఆ ప్లగ్ మసిపట్టి నల్లగా వస్తుంది, పొద్దున స్టార్టింగ్ కష్టమవుతుంది. మీకు పొద్దున స్టార్టింగ్ బాగుందన్నారు. అందుకని ఇంజెక్టర్ల క్లీనింగ్ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. రెండు ఇంధనాలకూ ఉమ్మడిగా ఉండేవి మూడే: గాలి, నిప్పు (ప్లగ్ దగ్గర పుట్టే స్పార్క్), కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని పిస్టన్ నొక్కే ఒత్తిడి). వెతుకులాట అక్కడే.

రెండో ఆనవాలు, చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక రావడం. రింగులు అరిగిన ఇంజిన్ దీనికి ఉల్టాగా ఉంటుంది, పొద్దున ఎక్కువ, వేడెక్కాక కాస్త మెరుగు. కాబట్టి ఇంజిన్ దించాలన్న ఆయన మాటకు మీ బండి లక్షణం సరిపోవడం లేదు. వేడెక్కాక ముదిరేవాటిలో నాకు ముందుగా గుర్తొచ్చేవి రెండు. ఒకటి దొంగగాలి. చల్లగా ఉన్నప్పుడు ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) ఇంధనం ఎక్కువ పోస్తుంది, ఆ ఎక్కువలో లీక్ కప్పబడిపోతుంది. వేడెక్కి ఇంధనం తగ్గించగానే బయటపడుతుంది. రెండోది ఎగ్జాస్ట్ వాల్వ్ దగ్గర ఉండాల్సిన సందు తగ్గి బిగుసుకుపోవడం. దీని గురించి కింద వివరంగా రాస్తాను, గ్యాస్ బండి కాబట్టి నా అనుమానం దాని మీదే ఎక్కువ.

పనిలోకి దిగే ముందు ఒక జాగ్రత్త. ఎవరైనా "బ్యాటరీ టెర్మినల్ తీసి పెట్టండి, రీసెట్ అవుతుంది" అంటే తీయకండి. కోడ్‌లతో పాటు, తప్పు పట్టిన క్షణంలో ఇంజిన్ వేడి ఎంత, ఆర్‌పీఎం ఎంత అని ఈసీయూ దాచిపెట్టిన రీడింగులు కూడా పోతాయి. సగం రోగ నిర్ధారణ అందులోనే ఉంటుంది. ముందు వాటిని ఫోటో తీసి పెట్టుకోండి. ఇంకోటి, చెక్ ఇంజిన్ లైట్ వెలిగి ఉండటం వేరు, టపటపా కొట్టుకోవడం వేరు. కొట్టుకుంటుందంటే మండని పెట్రోల్ కన్వర్టర్‌లోకి (సైలెన్సర్ దారిలో పొగను శుభ్రం చేసే డబ్బా) పోయి అక్కడ మండుతోందని అర్థం. అలాంటప్పుడు మెల్లగా పక్కకు తీసుకోండి. చిన్న జబ్బును నెట్టుకొస్తూ తిరిగితే ఖరీదైన కన్వర్టర్ కూడా పోతుంది.

మొదట నిప్పు సంగతి తేల్చేయండి, పావుగంట పని. కొత్త కాయిల్ వేశారు కాబట్టి కాయిల్ కాదు అనుకోవద్దు. రెండో సిలిండర్ కాయిల్ తీసి నాలుగులో, నాలుగుది తీసి రెండులో పెట్టి, కోడ్ చెరిపి, బండి వేడెక్కేదాకా తిరగండి. పీ0304, అంటే నాలుగో సిలిండర్ కోడ్, వస్తే తప్పు కాయిల్‌తో పాటు నడిచినట్టు. మళ్లీ పీ0302 అనే వస్తే కాయిల్ పని అయిపోయింది, ఇక దాని జోలికి వెళ్లొద్దు. అలాగే ప్లగ్‌లూ అటూ ఇటూ మార్చి చూడండి. కాయిల్ పైకి లాగినప్పుడు దాని రబ్బరు చివర చూడండి. నూనె పట్టి ఉబ్బి ఉంటే పైన వాల్వ్ కవర్ ప్యాకింగో, ప్లగ్ గొట్టం సీలో కారుతోంది. ప్లగ్ తెల్లటి పింగాణీ మీద సన్నగా, పెన్సిల్‌తో గీసినట్టు నల్లటి గీత నిలువుగా ఉంటే నిప్పు లోపల దూకకుండా బయటి నుంచే పారిపోతోంది. టార్చ్ వేసి తిప్పి తిప్పి చూస్తే తప్ప ఆ గీత కనపడదు. నేను కొత్త కుర్రాళ్లకు మొదట నేర్పేది అదే. ప్లగ్ గ్యాప్ కూడా కొలవండి. ఉత్త పెట్రోల్ బండికి 1.0 నుంచి 1.1 మిల్లీమీటర్ ఉంటుంది. గ్యాస్‌ని మండించడానికి ఎక్కువ వోల్టేజీ కావాలి, కాబట్టి గ్యాస్ మీద తిరిగే బండికి 0.7 నుంచి 0.8 దాకా తగ్గించి పెడతాం. కొత్త ప్లగ్‌లు డబ్బాలోంచి తీసి అలాగే బిగించేసి ఉంటే ఇది చూడాల్సిందే.

ఏ సిలిండర్ పని చేయడం లేదో తేల్చడానికి కొందరు ఇంజిన్ నడుస్తుండగా కాయిల్ లాగుతారు. అలా చేయొద్దు. షాక్ కొడుతుంది, పైగా మండని పెట్రోల్ కన్వర్టర్‌లోకి పోతుంది. బదులుగా పెట్రోల్ మీద నడుపుతూ ఒక్కో ఇంజెక్టర్ కనెక్టర్ తీసి పెట్టండి. ఒకటి తీసినప్పుడు ఇంజిన్ తడబడితే ఆ సిలిండర్ పని చేస్తున్నట్టు. రెండో సిలిండర్‌ది తీసినప్పుడు ఏ మార్పూ లేకపోతే కోడ్ చెప్పింది నిజం. రెండోది తీసినా తడబడిందీ అంటే అది సగం పని చేస్తోంది. ఎక్కువ తిరిగిన బళ్లలో సగం పని చేసేవే ఎక్కువ.

ఇక గాలి. ఇక్కడ గ్యాస్ కిట్ ఉన్న బళ్లకు ప్రత్యేకంగా ఒక జబ్బు ఉంది, మామూలు పెట్రోల్ బళ్లకు రాదు. కిట్ బిగించేటప్పుడు, సిలిండర్లకు గాలి పంచే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్ నాలుగు గొట్టాలకూ డ్రిల్‌తో రంధ్రాలు వేసి, అందులో చిన్న ఇత్తడి నాజిల్స్ బిగిస్తారు. గ్యాస్ ఇంజెక్టర్ నుంచి వేలి లావు కూడా లేని రబ్బరు పైపు ఆ నాజిల్‌కి వస్తుంది. మ్యానిఫోల్డ్ ప్లాస్టిక్‌ది అయితే నాలుగేళ్ల వేడికి, వణుకుకి మరలు వదులవుతాయి. ఒక నాజిల్ వదులైతే ఆ ఒక్క సిలిండర్‌కే దొంగగాలి పోతుంది, గ్యాస్ మీదైనా పెట్రోల్ మీదైనా. మీ లక్షణానికి అచ్చం సరిపోతుంది. ఇంజిన్ ఆపి, చల్లారాక, రెండో సిలిండర్ నాజిల్‌ని రెండు వేళ్లతో పట్టుకుని కదిలించి చూడండి. మిగతా మూడింటితో పోల్చండి. రబ్బరు పైపుని కింది వైపు వంచి చూడండి, పైన బాగున్నా కింద పగిలి ఉంటుంది. గ్యాస్ వాసన ఏమాత్రం వచ్చినా గ్యాస్ సిలిండర్ దగ్గరి వాల్వ్ మూసేసి, కిట్ వాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి, మీరు చెయ్యి పెట్టొద్దు.

లీక్ వెతకడానికి కొందరు పెట్రోలో, కార్బ్ క్లీనరో చల్లి చూస్తారు. వేడి ఎగ్జాస్ట్ పక్కన, అందులోనూ గ్యాస్ బండి మీద ఆ పని దయచేసి ఎవరినీ చేయనివ్వకండి. మొక్కలకు చల్లే స్ప్రే బాటిల్‌లో మంచినీళ్లు పోసి, సన్నటి తుంపరగా నాజిల్స్ మొదట్లో, మ్యానిఫోల్డ్ హెడ్‌ని (వాల్వ్‌లు ఉండే ఇంజిన్ పై భాగం) కలిసే చోట, బ్రేక్ బూస్టర్ పైపు రెండు చివర్లా చల్లండి. కాయిల్స్, కనెక్టర్ల మీద పడకుండా చూసుకోండి. నీళ్లు ఆ చీలికను ఒక్క క్షణం మూసేస్తాయి. శబ్దం మారితే అక్కడే ఉంది లీక్. ఇంకా రెండు చోట్లున్నాయి. ఇంజిన్ లోపలి నూనె ఆవిరిని మ్యానిఫోల్డ్‌కి తెచ్చే పీసీవీ వాల్వ్ పైపు చూడండి, ముఖ్యంగా దాని మోచేతి వంపు లోపలి వైపు. నూనె ఆవిరికి ఆ రబ్బరు మెత్తబడి చీలుతుంది. పెట్రోల్ ట్యాంకు ఆవిరిని ఇంజిన్‌కి తెచ్చే పర్జ్ వాల్వ్ పైపుని ఐడిలింగ్‌లో ప్లయర్‌తో మెల్లగా నొక్కి పట్టండి. వణుకు తగ్గితే ఆ వాల్వ్ మూసుకోవడం లేదు. ట్యాంకు నింపించిన వెంటనే స్టార్టింగ్ ఇబ్బంది పెట్టే బళ్లలో నేను ముందు దాన్నే చూస్తాను.

స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ అని రెండు అంకెలు ఉంటాయి, షార్ట్ టర్మ్, లాంగ్ టర్మ్. ఈసీయూ ఇంధనాన్ని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో అవి చెప్తాయి. రెండూ కలిపి ఐడిలింగ్‌లో +15, +20 ఉండి, 2,500 ఆర్‌పీఎం దగ్గర +3, +4కి దిగితే దొంగగాలి అని పుస్తకాల్లో ఉంటుంది. నిజమే, కానీ అది గాలిని నేరుగా కొలిచే సెన్సర్ ఉన్న బళ్లకు. మన దేశంలో చిన్న పెట్రోల్ బళ్లలో చాలావాటికి ఉండేది మ్యాప్ సెన్సర్, అంటే మ్యానిఫోల్డ్‌లో ఒత్తిడిని కొలిచేది. దొంగగాలి వస్తే ఒత్తిడి పెరుగుతుంది, ఈసీయూ దానికి తగ్గట్టు ఇంధనం కూడా పోసేస్తుంది. ట్రిమ్ మామూలుగానే కనిపిస్తుంది, ఐడిలింగ్ మాత్రం పెరుగుతుంది. కాబట్టి "ట్రిమ్ బాగుంది, లీక్ లేదు" అని తేల్చేయకండి. ఇంకో మోసం కూడా ఉంది. ఒక సిలిండర్ మండకపోతే అందులోని ఆక్సిజన్ అలాగే సైలెన్సర్‌లోకి పోతుంది. ఆక్సిజన్ సెన్సర్ దాన్ని చూసి పెట్రోల్ తక్కువైందనుకుంటుంది, ట్రిమ్ పెరుగుతుంది. అది చూసి పంపు మార్చిన బళ్లు, సెన్సర్ మార్చిన బళ్లు నా దగ్గరికి చాలా వచ్చాయి. పెట్రోల్‌లో ఇథనాల్ సంగతి కూడా తెలుసుకోండి. 10 శాతం కలిపిన పెట్రోల్ నుంచి 20 శాతానికి మారితే అదే గాలికి ఇంధనం సుమారు 4 శాతం ఎక్కువ కావాలి. కాబట్టి పాత బండిలో ట్రిమ్ నాలుగైదు పాయింట్లు పైన ఉందని కంగారు పడక్కర్లేదు. 2012 బండి రబ్బరు పైపులు 20 శాతం ఇథనాల్‌ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు, కాబట్టి పెట్రోల్ పైపులు మాత్రం ఎలాగూ ఒకసారి తడిమి చూడండి.

మ్యానిఫోల్డ్‌లో ఇంజిన్ గాలిని ఎంత బలంగా పీలుస్తోందో చూపే వ్యాక్యూమ్ మీటర్ దొరికితే చాలా మంచిది. పాత పరికరమే, ఇప్పటి కుర్రాళ్లు వాడటం లేదు, నేను మాత్రం వదల్లేదు. మ్యానిఫోల్డ్‌కి తగిలిస్తే, విజయవాడలాంటి సముద్ర మట్టానికి దగ్గరగా ఉన్న ఊళ్లో మంచి ఇంజిన్ ఐడిలింగ్‌లో ముల్లు 17 నుంచి 21 అంగుళాల (పాదరసం కొలత) మధ్య కదలకుండా నిలబడుతుంది. హైదరాబాద్ సుమారు 540 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి అక్కడ ఒకటిన్నర, రెండు అంగుళాలు తక్కువ చూపిస్తే అది జబ్బు కాదు. ముల్లు స్థిరంగా ఉండి బాగా కిందికి ఉంటే దొంగగాలో, టైమింగ్ చెయిన్ సాగడమో. ముల్లు నిలబడి, ఒక లయలో టక్ టక్‌మని కిందికి పడుతుంటే ఒక వాల్వ్ సరిగా మూసుకోవడం లేదు.

మీటర్ లేకపోతే మా మేస్త్రి చేసే పని చేయండి. పాత పేపర్ ముక్క ఒకటి తీసుకుని, వణుకుతున్నప్పుడు సైలెన్సర్ మూతికి రెండు అంగుళాల దూరంలో రెండు మూలలూ పట్టుకుని నిలబెట్టండి. ఆరుబయటే చేయండి, మూసిన షెడ్డులో వద్దు. మంచి ఇంజిన్ ఆ కాగితాన్ని ఒకే ఒత్తిడితో బయటికి నెడుతుంది. ఇంజిన్ మిస్ అవుతుంటే మధ్య మధ్యలో నెట్టు తగ్గుతుంది. ఎగ్జాస్ట్ వాల్వ్ కారుతుంటే కాగితం ఉన్నట్టుండి వెనక్కి, సైలెన్సర్ మూతికి అతుక్కోబోతుంది. పిస్టన్ కిందికి దిగేటప్పుడు, మూసి ఉండాల్సిన ఆ వాల్వ్‌లోంచి సైలెన్సర్ గాలిని లాక్కుంటోందన్నమాట.

రెండేళ్ల కింద గన్నవరం ఎయిర్‌పోర్ట్ ట్రిప్పులు తిప్పే ఒకాయన ఇలాగే వచ్చాడు. 2,30,000 తిరిగిన గ్యాస్ బండి. డిక్కీ తెరిచి ఒక గోనెసంచి చూపించాడు, అందులో తీసేసిన పార్టులు: ఎనిమిది ప్లగ్‌లు, రెండు కాయిల్స్, ఒక ఆక్సిజన్ సెన్సర్, ఒక ఫౌండేషన్. అన్నీ తుడిచి దాచుకున్నాడు పాపం, ఎక్కడైనా తిరిగి తీసుకుంటారేమోనని. పేపర్ పెట్టాను. నాలుగైదు నెట్లకొకసారి వెనక్కి లాగింది. వేడి మీద కంప్రెషన్ చూస్తే మూడో సిలిండర్ 115 పీఎస్‌ఐ, మిగతావన్నీ 175 దగ్గర. వాల్వ్ కవర్ తీసి రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి ఇనుప ఆకులు, మిల్లీమీటర్లలో) పెట్టాను. మూడో ఎగ్జాస్ట్ వాల్వ్‌లో 0.30 ఆకు దూరలేదు. 0.20 దూరలేదు. 0.10 కూడా దూరలేదు. 0.05 మాత్రం బిగుతుగా, గీసుకుంటూ వెళ్లింది. ఆయన పక్కనే నిలబడి చూస్తున్నాడు. ఆ పల్చటి ఆకు చేతిలో పెట్టి, "ఈ సందు లేకే మీ బండి వణుకుతోంది" అన్నాను. టాపెట్, అంటే వాల్వ్‌ని నొక్కే భాగం, సందు సరిగా సెట్ చేసి నడిపితే రెండు రోజుల్లో ఆ సిలిండర్ 160కి వచ్చింది. వాల్వ్ ఇంకా కాలిపోలేదు కాబట్టి హెడ్ దించకుండా బయటపడ్డాడు. ఇంకో రెండు నెలలు అలాగే తిప్పి ఉంటే హెడ్ పనే అయ్యేది.

ఇది గ్యాస్ బళ్లకు ఎందుకు వస్తుందంటే, గ్యాస్ పొడిగా వస్తుంది. పెట్రోల్‌లా ఆవిరయ్యేటప్పుడు వాల్వ్‌ని, సీటుని చల్లబరిచే తడి దానికి లేదు. ఆ పొడి వేడికి వాల్వ్ సీటు మెల్లమెల్లగా అరుగుతుంది. వాల్వ్ సీటులోకి దిగే కొద్దీ దాని కాడ పైకి లేస్తుంది, టాపెట్ సందు తగ్గుతుంది. గమనించండి, సందు పెరిగితే టకటకమని శబ్దం వస్తుంది, అందరికీ వినపడుతుంది. తగ్గితే ఇంజిన్ ఇంకా నిశ్శబ్దంగా ఉంటుంది. "శబ్దం ఏమీ లేదు, టాపెట్లు బాగున్నాయి" అనుకుని వదిలేస్తారు. ఎగ్జాస్ట్ వాల్వ్ వేడికి సాగుతుంది కాబట్టి, చల్లగా ఉన్నప్పుడు ఉన్న కొద్ది సందు కూడా అరగంట తిరిగాక పోతుంది, వాల్వ్ పూర్తిగా మూసుకోదు. పొద్దున బాగుండి తర్వాత వణకడం అందుకే.

కాబట్టి కంప్రెషన్ టెస్ట్ చేయిస్తే వణుకు వచ్చే స్థితిలో, వేడి మీద చేయించండి. మరీ కాలిపోతుండగా కాదు, అల్యూమినియం హెడ్‌లో ప్లగ్ మరలు చెడిపోతాయి. ఆపిన పది, పదిహేను నిమిషాలకు చేతికి తొడుగు వేసుకుని ప్లగ్‌లు తీస్తే చాలు. నాలుగు ప్లగ్‌లూ తీసెయ్యాలి, ఇంజెక్టర్లూ కాయిల్సూ డిస్‌కనెక్ట్ చేసి ఉండాలి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టాలి, బ్యాటరీ బలంగా ఉండాలి. ఒక్కో సిలిండర్‌కి ఐదారు దెబ్బలు సెల్ఫ్ కొట్టండి. ఇలాంటి ఇంజిన్లలో 170 నుంచి 200 పీఎస్‌ఐ దాకా ఉంటుంది. అసలు అంకె కన్నా నాలుగింటి మధ్య తేడా ముఖ్యం. నాలుగూ 155 ఉంటే ఇంజిన్ వయసు మళ్లిందంతే, ఐడిలింగ్ మాత్రం సమానంగా ఉంటుంది. ఒకటి 175, పక్కది 130 ఉంటే వణుకుతుంది. తక్కువ వచ్చిన దాంట్లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొట్టండి. అంకె బాగా లేస్తే రింగులు. లేవకపోతే వాల్వ్. పక్కపక్కన రెండు సిలిండర్లు రెండూ పడిపోయి ఉంటే హెడ్ గాస్కెట్ చూడాలి.

మీకు వేడి మీద రెండోది తక్కువ వచ్చి, మర్నాడు చల్లగా ఉన్నప్పుడు కొడితే అదే సిలిండర్ పెరిగిందీ అంటే, నా లెక్కలో టాపెట్ బిగుసుకోవడం దాదాపు ఖాయం. చాలా చిన్న పెట్రోల్ ఇంజిన్లలో చల్లగా ఉన్నప్పుడు ఇన్‌టేక్ 0.2, ఎగ్జాస్ట్ 0.3 మిల్లీమీటర్ దరిదాపుల్లో సందు ఉంటుంది. మీ ఇంజిన్‌కి కచ్చితంగా ఎంతో కంపెనీ సర్వీస్ మాన్యువల్‌లో చూసి పెట్టించండి. సందు సరిచేశాక కూడా రెండు మూడు రోజుల్లో కంప్రెషన్ రాకపోతే వాల్వ్ అంచు కాలిపోయింది, అప్పుడు హెడ్ దించడం తప్పదు. అప్పటికీ అది హెడ్ పనే, ఇంజిన్ దించి సిలిండర్లు చెక్కే బోరింగు పని కాదు. ఈ రెండింటి ఖర్చుకీ చాలా తేడా ఉంది, ఎవరైనా కలిపి చెప్తే ఒప్పుకోకండి.

మూడు విషయాలు త్వరగా చెప్పేస్తాను. ఒకటి, స్కానర్‌లో ఇంజిన్ వేడి చూడండి. అరగంట తిరిగాక 85 నుంచి 95 డిగ్రీల మధ్య ఉండాలి. 65, 70 దగ్గరే ఆగితే ఎవరో థర్మోస్టాట్ వాల్వ్ తీసేసి ఉంటారు. మన ఎండలకు ఇంజిన్ చల్లగా ఉండాలని ఇది తీసేయడం మన దగ్గర బాగా అలవాటు. ఇంజిన్ ఎప్పుడూ చలి కింద లెక్కే, ఈసీయూ ఇంధనం ఎక్కువ పోస్తూనే ఉంటుంది, ప్లగ్‌లు మసిపడతాయి. కొత్తది వేయించండి. రెండు, ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర 13.8 నుంచి 14.4 వోల్టులు ఉండాలి. తక్కువుంటే ఆల్టర్నేటర్ కన్నా ముందు గేర్‌బాక్స్‌కి, బాడీకి మధ్య ఉండే ఎర్తింగ్ పట్టీ విప్పి శుభ్రం చేసి బిగించండి. మూడు, ఏసీ వేస్తే వణుకు పెరగడం సహజమే, బలహీనంగా ఉన్న ఇంజిన్ మీద ఇంకో బరువు పడింది. కానీ ఏసీ వేసినప్పుడు రేడియేటర్ ఫ్యాన్ తిరుగుతోందో లేదో ఒకసారి బానెట్ ఎత్తి చూడండి. ఫ్యాన్ తిరగకపోతే కంప్రెసర్ మీద ఒత్తిడి బాగా పెరిగి ఇంజిన్‌ని నొక్కేస్తుంది. చూసేటప్పుడు చెయ్యి దూరంగా ఉంచండి, ఆ ఫ్యాన్ దానంతటదే మొదలవుతుంది.

ఫౌండేషన్ల మాట చివరికి ఉంచాను, ఎందుకంటే అది చివర చూడాల్సిందే. 1,74,000 తిరిగిన బండికి రబ్బరు గట్టిపడటం, చిరగడం మామూలే. కానీ పాడైన ఫౌండేషన్ మిస్‌ఫైర్ కోడ్ ఇవ్వదు. మంచి ఫౌండేషన్ మిస్‌ఫైర్‌ని కొంచెం దాస్తుంది, పాడైంది దాన్ని సీటు దాకా తెస్తుంది, అంతే తేడా. వ్యాక్యూమ్ మీటర్ ముల్లు స్థిరంగా ఉండి, కంప్రెషన్ సమానంగా ఉండి, కోడ్ లేకుండా ఉన్నా కూడా సీటు వణుకుతుంటే అప్పుడు ఫౌండేషన్ మార్చండి. ఇప్పుడే మారిస్తే వణుకు సగం తగ్గినట్టనిపిస్తుంది, అసలు జబ్బు లోపలే ఉండి వాల్వ్ కాలిపోతుంది. ఆ ఊరట చాలా నష్టం చేస్తుంది.

ఈ ఆదివారం ఈ వరసలో చేయండి: కాయిల్, ప్లగ్ నాలుగో దాంతో మార్చి కోడ్ ఎటు వెళ్తుందో చూడండి. రెండో నాజిల్ కదిలించి, నీళ్లు చల్లి చూడండి. పేపర్ పెట్టి చూడండి. ఈ మూడింటికీ పైసా ఖర్చు లేదు. తర్వాత వేడి మీద ఒకసారి, చల్లగా ఒకసారి కంప్రెషన్ కొట్టించి ఎనిమిది అంకెలూ కాగితం మీద రాయించుకోండి. నోటిమాటగా "అన్నీ బాగున్నాయి" అంటే ఒప్పుకోకండి, అంకెలు అడగండి. ఆ ఎనిమిది అంకెలు, ఇంజిన్ వేడి రీడింగు, ఐడిలింగ్‌లోనూ 2,500లోనూ ట్రిమ్ ఎంతో ఇక్కడ రాయండి. టాపెట్ పని మీ దగ్గరే చేయించాలా, హెడ్ దాకా వెళ్లాలా అన్నది అవి చూశాక చెప్తాను. అప్పటిదాకా పొడుగు ప్రయాణాలు పెట్టుకోకండి, నడపక తప్పకపోతే పెట్రోల్ మీదే నడపండి.